నాలుగు నిమిషాల మృగాలు

వనపర్తిలో, ఖాజా మియా పంచరు దుకాణం మీద
రేకుల గదిలో
రెండు మృగాలను సాకుతున్నాను.
ఒకటి గుట్టలోంచి లేచింది, వీపంతా పరుపుబండలు.
ఇంకొకటి నీళ్లు పడని బోరుగుంతలో పుట్టింది,
ఒళ్లంతా తెల్లటి రాతిపిండి,
గొంతులో ఆరువందల అడుగుల చీకటి.
రెండూ కొట్టుకోవాలి.
నాకిచ్చింది నాలుగు నిమిషాలు,
పేర్లకే ఇరవై సెకన్లు పోతాయి.

మొదటిసారి బాగా కొట్టించాను.
నిప్పులు కక్కించాను, కొండలు పిండి చేయించాను,
ఆకాశాన్ని మూడు చోట్ల చింపాను.
ఖాజా మియా మనవరాలు రుఖియా
ట్యూబును తొట్టిలో ముంచి బుడగ కోసం చూసినట్టు
తెరను చూసింది.
"బరువు లేదు భయ్యా.
రెండిట్ల గాలే ఉన్నది."
ఎనిమిదేళ్లు దానికి.
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

శనివారం పెబ్బేరు సంతకు పోయాను.
కొననూ, అమ్మనూ అంటే
దళారి కుర్మయ్య నమ్మలేదు,
తువ్వాల కింద నా చెయ్యి పట్టి వేళ్లతో ధర అడిగాడు.
కోడెల కొట్లాట చూడాలన్నాను.
"నువ్వు జూస్తనంటె కొట్లాడయి బిడ్డా.
జరసేపు నిలబడు."

నిలబడ్డాను. ఎండ నెత్తికెక్కింది.
సోడాబండి రెండుసార్లు తిరిగిపోయింది.
అప్పుడు ఒక నల్లకోడె
గడ్డి నమలడం ఆపింది.
అంతే.
ఆ దవడ ఆగిన చోట సంతంతా ఆగినట్టైంది.
మెడ మీది తోలు ఈగ వాలినట్టు వణికింది,
ఈగ లేదు.
ఎదురుగా మైలకోడె మన్ను వాసన చూసి
ముందుకాలితో ఒక్కసారి గీకింది.
ఆ మన్ను వెనక్కి లేచి
ఎవరో ముసలామె రాశి పోసిన ఎండుమిరప మీద పడింది.
ఆమె తిట్టడానికి నోరు తెరిచి
అట్లాగే ఉండిపోయింది.

కొమ్ములు తగిలిన చప్పుడు చిన్నదే,
రెండు ఎండుకట్టెలు.
అది ముందు నా అరికాళ్లకు వినబడింది.
ఆ తర్వాత ఏదీ కదల్లేదు.
నుదురుకు నుదురు,
తొడల్లో వణుకు, నేలలోకి దిగుతున్న డెక్కలు.
మైలదాని వెనకకాలు కొంచెం కుంటు.
"దూడప్పుడు బాయిల పడ్డది" అన్నాడు కుర్మయ్య.
ఆ మాట విన్నాక ఇంకేమీ చూడలేకపోయాను,
ఆ కాలు తప్ప.
అది జారినప్పుడు
నా చెయ్యి నేల కోసం వెతికింది.

ఓడింది పక్కకు తిరిగి,
ఎవరూ చూడనట్టే, గడ్డి అందుకుంది.
గెలిచిన నల్లదానికి
గెలుపునేం చేయాలో తెలియలేదు,
చాలాసేపు గాలిని చూస్తూ నిలబడింది.

వచ్చి అన్నీ చెరిపాను.
నిప్పులు తీసేశాను. ఆకాశం కుట్టేశాను.
కాలు పడ్డాక, ఒక రెప్పపాటు ఆలస్యంగా దుమ్ము లేపాను.
శ్వాస కోసం కింది కంప్రెషరు నిట్టూర్పు పట్టుకున్నాను.
గుట్టమృగం పొట్ట కింద,
ఎడమ మూలన, ఒకే ఒక్క ఫ్రేములో
కౌజుపిట్ట గుడ్లు నాలుగు పెట్టాను.
ఎవరికీ చెప్పలేదు.

హైదరాబాదు నుంచి ఫోన్:
"మొదటి నలభై సెకన్లు ఏమీ జరగట్లేదు.
పిల్లలు వేలు జరిపేస్తారు."
కొట్లాట అప్పుడే మొదలైంది సార్ అన్నాను.
బేరమాడి ముప్పై ఒకటి మిగిల్చుకున్నాను.
తువ్వాల లేని బేరం.

రుఖియా చూసింది.
ముప్పై ఒక్క సెకన్లు దాని వేలు కదల్లేదు.
గుట్టమృగం వెనక్కి ఒక్క అడుగు వేయబోయినప్పుడు
బల్ల మీద కూర్చున్న పిల్ల
తన రెండు కాళ్లూ పైకి తీసుకుంది,
కింద గుడ్లున్నట్టు.

బోరుమృగం ఓడిపోయింది.
తన గుంతలోకి తనే, తోక ముందు పెట్టి, దిగిపోయింది.
పేర్లు వస్తున్నాయి.
రుఖియా లేవలేదు.
"మరి దానికి నీళ్లెవరు వోస్తరు భయ్యా?"

కింద ఎవరో బండి తోసుకొచ్చి ఖాజా మియాను పిలుస్తున్నారు.
నేను కొత్త కాగితం తీశాను.